పోటీ రోబోకు వైర్‌లెస్ సామాను: ఏది కొనాలి? ఎందుకు కొనాలి?

రోబో పోటీలంటే ఈమధ్య మన విద్యార్థులలో ఉత్సాహం బాగా పెరిగింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుంచి వచ్చిన మన మిత్రులు కూడా జట్లు కట్టి బండ్లు తయారు చేస్తున్నారు. కాని ఎక్కువ జట్లలో ఒక పద్ధతి కనబడుతుంది. ముందు మోటార్లు కొంటారు, తర్వాత చక్రాలు, బ్యాటరీ, చట్రం. ఆ పైన మిగిలిన పైసలకు ఏది వస్తే ఆ రేడియో తెచ్చి తగిలిస్తారు. తీరా పోటీ రోజున బండికి బలముంటుంది, పరుగుంటుంది, మన మాట మాత్రం వినదు. మూడు నెలల శ్రమ మూడు నిమిషాలలో పోతుంది. ప్రవేశ రుసుము, బస్సు ఖర్చు, ఇంటినుంచి అడిగి తెచ్చుకున్న సొమ్ము, అన్నీ పోతాయి. కనుక తీగ లేకుండా ఆజ్ఞలు పంపే సామానును ఎలా ఎంచుకోవాలో, దాని వెనుక ఉన్న భౌతికశాస్త్రం ఏమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

ఈ విద్య కొత్తదేమీ కాదు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక చిన్న పడవను నీటిలో వదిలి, దూరాన నిలబడి రేడియో తరంగాలతో నడిపి చూపించాడు. ఆనాడు రేడియో చాలా అరుదైన వస్తువు. ఈనాడు పోటీ జరిగే హాలులో ప్రతి ప్రేక్షకుని జేబులోను ఒక రేడియో ఉంది. మన కష్టమంతా అక్కడే మొదలవుతుంది.

ఒక పెద్ద పోటీ నేర్పిన పాఠం

2012 ఏప్రిల్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ‘ఫస్ట్’ సంస్థవారి విద్యార్థి రోబో పోటీల ఆఖరి ఆటలు జరిగాయి. ఎన్నో జట్లను దాటుకొని వచ్చిన బండ్లు కొన్ని ఆట మధ్యలో ఉన్నచోటనే నిలబడిపోయాయి. తర్వాత సంస్థ విచారణ జరిపి జూలైలో నివేదిక ప్రకటించింది. తేలిందేమిటంటే, కారణం ఒక్కటి కాదు. ఎవరో ఒక మొబైల్ ఫోనుతో రోబో ఉన్న వైఫై జాలంలోకి చొరబడ ప్రయత్నించినప్పుడు, పాస్‌వర్డు సరిపోక లోపలికి పోలేకపోయినా, ఆ ప్రయత్నానికే అసలు రోబో సంబంధం తెగిపోయింది. అది ఒక కారణం. కొన్ని బండ్లలో వాటి సొంత లోపాలు కూడా బయటపడ్డాయి.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, ఖరీదైన సామాను ఉన్నంత మాత్రాన భరోసా లేదు. రెండు, ‘రేడియో పోయింది’ అని మనం అనుకునే ప్రతిసారీ పోయింది రేడియో కాకపోవచ్చు. బ్యాటరీ కావచ్చు, వదులైన తీగ కావచ్చు.

కొనేముందు మూడు ప్రశ్నలు

అంగడికి పోయే ముందు ఈ మూడింటికి కాగితం మీద జవాబు రాసుకోవాలి.

మొదటిది, ఎంత దూరం? మన కళాశాల పోటీలలో మైదానం పదిహేను, ఇరవై మీటర్లకు మించదు. కిలోమీటరు దూరం పోయే సామాను కొనడం దుబారా.

రెండవది, ఎంత సమాచారం? ఒక ఆజ్ఞకు పది బైట్లు చాలు అనుకోండి. సెకనుకు 50 సార్లు పంపితే 500 బైట్లు, అంటే 4,000 బిట్లు. ఇది చాలా తక్కువ. కాని బండిమీద కెమెరా పెట్టి బొమ్మ చూడాలంటే సెకనుకు లక్షల బిట్లు కావాలి. అప్పుడు వైఫై తప్ప గతి లేదు. ఎడ్లబండి చాలినచోట లారీ తెస్తే దారి ఇరుకవుతుంది. కెమెరా నిజంగా అవసరమా అని ముందు ఆలోచించాలి.

మూడవది, ఎంత ఆలస్యాన్ని ఓర్చుకోగలం? సెకనుకు రెండు మీటర్ల వేగంతో పోయే బండికి ఆజ్ఞ అర సెకను ఆలస్యంగా అందితే అప్పటికే అది ఒక మీటరు ముందుకు పోయి ఉంటుంది. గీత దాటితే ఆట ముగిసినట్టే. పోటీ బండికి వేగంగా చేరే చిన్న ఆజ్ఞ ముఖ్యం. పెద్ద సమాచారం కాదు.

ఏ పౌనఃపున్యం మనది?

గాలి అందరిదీ అయినా రేడియో తరంగాలకు చట్టం ఉంది. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోదగిన పట్టీలు కొన్నే. 2,400 నుంచి 2,483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీకి 2005లో మినహాయింపు వచ్చింది. 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ పట్టీ కూడా ఆ ఏడాదే వచ్చింది. 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 2018లో విశాలమైన జాగ దొరికింది. వీటన్నిటికీ శక్తి పరిమితులున్నాయి. మన చిన్న మాడ్యూళ్లు సాధారణంగా వాటికి చాలా లోపలే ఉంటాయి.

అందుచేత పెట్టె మీద రాసిన పౌనఃపున్యం చూడకుండా కొనవద్దు. అమెరికా కోసం తయారైన 915 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ ధర తక్కువని తెచ్చుకుంటే, అది మన దేశంలో మినహాయింపు ఉన్న పట్టీలో లేదు.

ఇక భౌతికశాస్త్రం. కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 2,400 మెగాహెర్ట్జ్‌కు అది 12.5 సెంటీమీటర్లు. 866 మెగాహెర్ట్జ్‌కు దాదాపు 34.6 సెంటీమీటర్లు. సామాన్యమైన ఏంటెనా పొడవు ఇందులో నాలుగో వంతు. అంటే మొదటిదానికి మూడు సెంటీమీటర్ల పైచిలుకు, రెండవదానికి 8.7 సెంటీమీటర్లు. ఏంటెనా తీగను అందంకోసం కత్తిరించేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. పౌనఃపున్యం పెరిగేకొద్దీ తరంగం గోడలను దాటలేదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు పీల్చుకుంటుంది, మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే. అందువలన ఖాళీ హాలులో పొద్దున బాగా నడిచిన బండి, జనం నిండిన తర్వాత మొరాయించడంలో వింత లేదు.

గుంపులో గడబిడ

మన పల్లెల్లో వ్యవసాయ మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉండేవి. కరెంటు రాగానే మనిషి లేకుండానే మోటారు మొదలవుతుంది. ఒక్క మోటారుకైతే అది సుఖమే. కాని ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకే క్షణాన లేస్తే వోల్టేజి పడిపోతుంది, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వబోయే ముందు, ఈ స్టార్టర్లను తీసివేయమని ప్రభుత్వమే రైతులను కోరింది.

వైఫైలో ఉన్న చిక్కు కూడా ఈ తీరుదే. రెండు పరికరాలు ఒకే క్షణాన మాట్లాడితే రెండు మాటలూ చెడిపోతాయి. అందుచేత ప్రతి పరికరం ముందు ‘ఎవరైనా మాట్లాడుతున్నారా’ అని వింటుంది. ఎవరూ లేకపోతే ఒక చిన్న వ్యవధి ఆగి మాట్లాడుతుంది. ఆ వ్యవధి ఒక్కోదానికి ఒక్కోలా, చీటీ తీసినట్టు వస్తుంది. స్టార్టర్లలో ఒకటి రెండు సెకన్లకు, మరొకటి ఏడు సెకన్లకు లేచేలా పెట్టినట్టన్న మాట. పదిమంది ఉంటే ఈ ఏర్పాటు చక్కగా నడుస్తుంది. మూడువందల ఫోన్లున్న హాలులో వంతు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. సంబంధం తెగదు, ఆజ్ఞ మాత్రం పాతబడి చేరుతుంది. ఇది పోటీ బండికి ప్రమాదం.

దీనికి రెండో మార్గం వారబందీ. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద నీళ్లు చాలనప్పుడు వంతులవారీగా వదిలినట్టు, ప్రతి జట్టుకు ఒక చానెల్ కేటాయించి రాసిపెట్టడం. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 చానెళ్లు మాత్రమే. పేరుకు పదమూడున్నా ఒక్కొక్కటి దాదాపు 20 మెగాహెర్ట్జ్ జాగ ఆక్రమిస్తుంది కనుక పక్కవి కలిసిపోతాయి. కాబట్టి నాలుగో చానెల్ పెట్టుకుని ‘ఎవరూ లేని జాగ’ అనుకోవడం సరికాదు. అటు ఒకటో చానెల్‌వారికి, ఇటు ఆరో చానెల్‌వారికి, ఇద్దరికీ అడ్డమవుతాం.

మూడో మార్గం గెంతడం. ఒకచోట నిలవకుండా చానెల్ నుంచి చానెల్‌కు దూకుతూ మాట్లాడితే, ఒకచోట గడబిడ ఉన్నా తరువాతి మాట చేరుతుంది. ఈ ఆలోచనకు 1942లో సినిమా నటి హెడీ లమార్, సంగీతకర్త జార్జి ఆంథైల్ కలిసి అమెరికాలో పేటెంటు పొందారు. సాధారణ బ్లూటూత్ 79 చానెళ్ల మీద సెకనుకు 1,600 సార్లు ఇలా గెంతుతుంది.

సామాను ఒక్కొక్కటిగా

బ్లూటూత్ మాడ్యూల్ (హెచ్‌సీ-05 వంటివి): ఫోనుతో నడపవచ్చు, నేర్చుకోవడం తేలిక. పది మీటర్ల లోపు పనికి బాగుంటుంది. అయితే కొన్నప్పుడు చాలావాటికి రహస్య సంఖ్య 1234గానే ఉంటుంది. పేరు కూడా అందరిదీ ఒకటే. పక్క జట్టువాని ఫోను పొరపాటున మన బండిని పట్టుకోవచ్చు. పేరు, సంఖ్య రెండూ మార్చకుండా పోటీకి పోకూడదు. సంబంధం ఒకసారి తెగితే మళ్లీ కలవడానికి కొన్ని సెకన్లు పట్టడం దీని రెండో లోపం.

వైఫై మాడ్యూల్ (ఈఎస్‌పీ8266, ఈఎస్‌పీ32): కెమెరా, కొలతలు, కంప్యూటర్ తెర ఉన్న బండికి ఇదే దారి. ఈఎస్‌పీ8266, సాధారణ ఈఎస్‌పీ32 రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే పనిచేస్తాయి. ఇంటి రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉందని సంబరపడి లాభం లేదు, మాడ్యూల్‌కు కూడా ఆ శక్తి ఉండాలి. బండిమీద చిన్న కంప్యూటర్ ఉంటే మాత్రం 5 గిగాహెర్ట్జ్ మంచిది. అక్కడ చానెళ్లు ఎక్కువ, రద్దీ తక్కువ. ఎవరి వైఫైనో నమ్ముకోక సొంత రౌటర్ తీసుకుపోవాలి. ఫోను హాట్‌స్పాట్ మధ్యలో కాల్ వస్తేనో, బ్యాటరీ పొదుపు వలననో ఆగవచ్చు. రౌటరే వద్దనుకుంటే రెండు ఈఎస్‌పీ మాడ్యూళ్లు ‘ఈఎస్‌పీ-నౌ’ పద్ధతిలో నేరుగా మాట్లాడుకోగలవు. చిన్న ఆజ్ఞలకు ఇది చక్కటి ఏర్పాటు.

ఎన్ఆర్ఎఫ్24ఎల్01 మాడ్యూల్: చవక, వేగం. ఒక ప్యాకెట్‌లో 32 బైట్లు పడతాయి. చేరిందో లేదో తానే తెలుసుకుని, చేరకపోతే 15 సార్ల దాకా మళ్లీ పంపుతుంది. చానెల్ సంఖ్యను 2,400కు కలిపితే దాని పౌనఃపున్యం వస్తుంది. కనుక 83 దాటిన చానెళ్లు మన మినహాయింపు పట్టీ బయటకు పోతాయి. వైఫై తగలదని 108 పెట్టుకోమని చెప్పేవారున్నారు, అది 2,508 మెగాహెర్ట్జ్ అవుతుంది, పెట్టకూడదు. వైఫై 11వ చానెల్ దాటిన తర్వాత, పట్టీ అంచుకు ముందు, 76 నుంచి 82 వరకు కొంత ఖాళీ దొరికే అవకాశం ఉంది. వేగం 250 కిలోబిట్లకు తగ్గించి పెడితే ఎక్కువ దూరం అందుతుంది. మన లెక్క 4 కిలోబిట్లే కనుక నష్టం లేదు.

బొమ్మ విమానాల రిమోట్ సెట్లు: ట్రాన్స్‌మిటర్, రిసీవర్ జతగా వస్తాయి. ఆధునికమైనవి గెంతే పద్ధతిలోనే పనిచేస్తాయి. ఖరీదు ఎక్కువే అయినా, కెమెరా లేని పోటీ బండికి నమ్మకంలో దీనికి సాటి తక్కువ. ఏళ్ల తరబడి చేతులు మారుతూ జూనియర్లకు పనికొస్తుంది. పోటీ నియమాలు అనుమతిస్తాయో లేదో ముందు చదువుకోవాలి.

లోరా మాడ్యూల్ (865 మెగాహెర్ట్జ్): దూరం చాలా పోతుంది, కాని నెమ్మది. అత్యంత దూరం పోయే అమరికలో ఒక చిన్న ప్యాకెట్‌కే సెకనుకు పైగా పట్టవచ్చు. చెలకలో మోటారు నడుస్తున్నదా, బావిలో నీళ్లెంత అని తెలుసుకోవడానికి బంగారం లాంటిది. పందెపు బండికి పనికిరాదు.

కారుచవక 433 మెగాహెర్ట్జ్ జతలు: వీటిలో చాలావాటికి చిరునామా లేదు, తప్పు పట్టే ఏర్పాటు లేదు. విన్నదల్లా నిజమనుకుంటాయి. ప్రయోగశాలలో పాఠానికి సరే, పోటీకి వద్దు.

రేడియోకు తిండి సరిగా పెట్టాలి

మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అదే బ్యాటరీ నుంచి రేడియోకూ ఇస్తే, ఆ క్షణాన వోల్టేజి పడిపోయి రేడియో ఆగి మళ్లీ మొదలవుతుంది. చూసేవారికి ‘సిగ్నల్ పోయింది’ అనిపిస్తుంది. ఒక పోటీలో ఒక జట్టు బండి ముందుకు పోతున్నంతసేపు బాగుండి, వెనక్కు తిప్పిన ప్రతిసారీ చచ్చిపోవడం అందరం చూశాం. వారు రెండుసార్లు రేడియో మార్చారు. మూడోసారి రేడియోకు వేరే బ్యాటరీ పెట్టగానే రోగం కుదిరింది.

అందుచేత రేడియోకు, మోటార్లకు వేర్వేరు బ్యాటరీలు పెట్టండి, లేదా మధ్యన మంచి రెగ్యులేటర్ పెట్టండి. ఆర్డ్యూయినో ఊనో బోర్డులోని 3.3 వోల్టుల కాలు నుంచి 50 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోరాదు. పొడవు ఏంటెనా ఉన్న ఎన్ఆర్ఎఫ్ మాడ్యూల్ పంపేటప్పుడు వంద దాటి అడుగుతుంది. లెక్క అక్కడే తప్పుతుంది. మామూలు ఎన్ఆర్ఎఫ్ మాడ్యూల్‌కైనా కాళ్ల దగ్గరే ఒక 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికితే సగం జబ్బులు పోతాయి. బ్రష్ మోటార్లలో నిప్పురవ్వలు లేస్తాయి, ప్రతి రవ్వా ఒక చిన్న రేడియో స్టేషనే. మోటారు కాళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ పెడితే ఆ రొద తగ్గుతుంది.

ఏంటెనాను ఇనుప చట్రం లోపల దాచవద్దు. బండి మీద ఎత్తుగా, లోహానికి దూరంగా నిలబెట్టాలి. దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతవుతుంది. నడిపేవాడు పది మీటర్ల నుంచి ఐదు మీటర్లకు వస్తే శక్తి నాలుగింతలు పెరుగుతుంది. పైసా ఖర్చు లేని లాభం ఇది.

తెగినప్పుడు ఏం చేయాలి?

ఎంత మంచి సామాను అయినా ఒకనాడు తెగుతుంది. తెగినప్పుడు బండి ఏం చేస్తుందన్నది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. చాలా బండ్లు చివరి ఆజ్ఞనే పట్టుకుని పోతూ ఉంటాయి. చివరి ఆజ్ఞ ‘పూర్తి వేగం’ అయితే, ఎదురుగా గీత అవతల కూర్చున్న చిన్న పిల్లల సంగతేమిటి? పది కిలోల బండి కాలిమీద పడితే ఎముక విరుగుతుంది. అందువలన బండిలోని ప్రోగ్రాములో ఒక గడియారం పెట్టాలి. మూడువందల మిల్లీసెకన్లలో కొత్త ఆజ్ఞ రాకపోతే మోటార్లు ఆగాలి. రిమోట్ సెట్లలో కూడా ఈ ‘ఫెయిల్‌సేఫ్’ అమరికను చాలాసార్లు మనమే పెట్టుకోవాలి. పెట్టిన తర్వాత చక్రాలను నేలకు తగలకుండా ఎత్తి, ట్రాన్స్‌మిటర్ ఆపి, ఆగిందో లేదో కళ్లారా చూడాలి. పొలాల మీద మందు కొట్టే డ్రోన్లకు కూడా ఇదే సూత్రం ప్రాణం.

మరొక ఉపాయం, రేడియోమీద ఆధారపడటమే తగ్గించడం. 2024 ఆగస్టులో వియత్నాంలో జరిగిన ఆసియా పసిఫిక్ రోబోకాన్ ఆట వరి సాగు మీదనే పెట్టారు. నారు నాటడం, కోత కోయడం, ధాన్యం గాదెలకు చేర్చడం. అందులో ఒక రోబోను మనిషి నడపవచ్చు, రెండోది పూర్తిగా తానే నడవాలి. గీత వెంట పోవడం, గోడ ముందు ఆగడం వంటి పనులను సెన్సర్లకు అప్పగిస్తే రేడియోకు ‘మొదలుపెట్టు, ఆగు’ అనే రెండు మాటలే మిగులుతాయి. రెండు మాటలు చేరడం రెండు వందల మాటలు చేరడం కన్నా తేలిక.

పరీక్ష ఎలా చేయాలి?

‘బాగానే పనిచేస్తున్నది’ అనేది పరీక్ష కాదు. ప్రతి ప్యాకెట్‌కు వరుస సంఖ్య వేసి, సెకనుకు 50 చొప్పున పది నిమిషాలు పంపండి. మొత్తం 30,000. అవతల ఎన్ని చేరాయో లెక్కించండి. నూటికి ఒకటి పోయిందనుకుందాం, అంటే 300. అవి అక్కడొకటి ఇక్కడొకటిగా పోతే బండికి తెలియనైనా తెలియదు. అదే 300 వరుసగా పోతే ఆరు సెకన్ల మౌనం. రెండు మీటర్ల వేగంతో పన్నెండు మీటర్లు. కాబట్టి ఎన్ని పోయాయన్నదే కాక, వరుసగా ఎక్కువలో ఎక్కువ ఎన్ని పోయాయో రాసుకోవాలి. ఈ పరీక్ష రాత్రి హాస్టల్ వరండాలో కాదు, మధ్యాహ్నం విరామంలో కాంటీన్ నిండినప్పుడు, మోటార్లు తిరుగుతూ ఉండగా చేయాలి. రెండు రకాల సామాను మధ్య ఏది మేలో ఈ అంకె చెప్పేస్తుంది, ప్రకటనలు చదవనక్కరలేదు.

కొనడం, పంచుకోవడం

హైదరాబాదు జట్టువారికి ఒక మాడ్యూల్ కాలిపోతే సాయంత్రానికి కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయి తెచ్చుకోవచ్చు. కోదాడ, మిర్యాలగూడల్లో ఉన్నవారికి అది ఒక రోజు పని, బస్సు ఛార్జీ అదనం. కనుక ఏది కొన్నా జతకు జత కొనాలి. రెండో జతను కూడా ముందే పరీక్షించి, ప్రోగ్రాము ఎక్కించి, పెట్టెలో పెట్టుకోవాలి. ఎన్ఆర్ఎఫ్ చిప్పులకు నకళ్లు చాలా ఉన్నాయి. పైకి ఒకే రకంగా ఉంటాయి, పనిలో తేడా వస్తుంది. ఒకే అంగట్లో ఒకేసారి కొన్నవాటిని జత చేయడం మేలు.

మన విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. వచ్చే ఏడాది పోటీలకు ముందు ఒక నల్లబల్ల మీద ఏ జట్టుది ఏ చానెల్ అని రాసిపెట్టాలి. ఆట జరుగుతున్నంతసేపు మైదానం చుట్టుపక్కల హాట్‌స్పాట్లు ఆపమని మైకులో చెప్పాలి. సంఘం నిధిలోంచి రెండు మంచి రిమోట్ సెట్లు, ఒక రౌటర్ కొని భౌతికశాస్త్ర విభాగంలో ఉంచి, గ్రంథాలయంలో పుస్తకం ఇచ్చినట్టు సంతకం పెట్టించుకుని ఇస్తే, పైసలు లేక ఆగిపోయిన జట్లు కూడా బరిలోకి దిగుతాయి. పూర్వ విద్యార్థులు తలచుకుంటే ఇది పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక్కడ నేర్చుకున్న విద్య పోటీతోనే పోదు. ఊళ్లో మోటారును ఫోనుతో ఆపే స్టార్టరుకు, కాలువ తూము దగ్గర నీటిమట్టం చెప్పే పెట్టెకు, మందు కొట్టే డ్రోనుకు, అన్నిటికీ కావలసింది ఈ లెక్కలే. ఆసక్తి ఉన్న మిత్రులు ముందు ఆ 30,000 ప్యాకెట్ల పరీక్షతో మొదలుపెట్టండి. మీ అంకెలు తెచ్చి చూపిస్తే కలిసి కూర్చుని చూద్దాం.